64వ పేజీ తెరిచి చూసి కొనుండ్రి

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపులల్ల దొరికే ‘అంతర్జాతీయ సంబంధాలు’ స్పైరల్ నోట్స్ గురించి రాస్తున్న. ఏ కోచింగ్ వాళ్లదో పేరు రాయను. అట్ట మీద ఎర్ర గ్లోబు ఉంటది, గ్రూప్-1 చదివేటోళ్లు గుర్తుపడ్తరు. ధర 280. బేరమాడితే 250కి ఇచ్చిండు. "తీస్కపో తమ్మీ, ఇగ వేరే పుస్తకం ముట్టద్దు" అన్నడు షాపాయన.

అక్షరం పెద్దగుంది, కాయితం మందంగుంది. పొరుగు దేశాల చాప్టర్ల మ్యాపులు తేటగున్నయి. ఆ వరకు పైసలు దండుగ కాలే.

64వ పేజీకి వచ్చేసరికి కోపమొచ్చింది. "దక్షిణాఫ్రికా వర్ణవివక్షను భారత్ ఆది నుంచి వ్యతిరేకించింది." అంతే. కింద మూడు చుక్కలు పెట్టి గాంధీజీ, అహింస, నైతిక విలువలు. వెనక మాదిరి ప్రశ్న చూడుండ్రి: "వర్ణవివక్షను ఒక ప్రభుత్వం తన విదేశాంగ విధానంతో ఎట్ల ఎదుర్కొంటది?" 10 మార్కులు. జవాబు: 64వ పేజీ చూడుము!

రెండు రోజులు జిల్లా గ్రంథాలయంల కూసున్న. మనకు స్వాతంత్ర్యం కూడ రాని 1946ల మన దేశం దక్షిణాఫ్రికాతోని వ్యాపారం బంద్ పెట్టింది, అట్ల చేసిన మొదటి దేశం మనదే. అప్పటి మన ఎగుమతులల్ల సుమారు 5 శాతం అక్కడికే పోయేది, గోనె సంచులు అందుల ముఖ్యమైన సరుకు. మా నాయిన మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలి. నగదు పెట్టి సంచులు కొనే గిరాకీని వాకిట్లకెళ్లి పొమ్మనుడంటే ఏందో మా ఇంట్ల చెప్పనక్కర్లే. నైతిక విలువలు అని రాస్తే ఆ నష్టం కనవడతదా?

అదే ఏడు మన దేశం తరఫున పోయిన విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితిల పంచాయితీ పెట్టింది. "ఇది మా ఇంటి గొడవ, మీకేం పని" అన్నది దక్షిణాఫ్రికా. దేశాల లోపలి సంగతులల్ల సమితి తలదూర్చొద్దనే చార్టర్ 2(7) నిబంధన దాని చేతిల ఉండె. డిసెంబర్ 8న 32-15తో తీర్మానం గెలిచింది. మూడింట రెండొంతులు కావాలె కాబట్టి అవతలికి ఒక్క ఓటు తిరిగినా పోయేదే. ఇంత ఉత్కంఠ ఉన్న ముచ్చట నోట్స్‌ల లేనే లేదు.

ఇంకో తప్పు పెద్దది. 1946ల మనం కొట్లాడింది అక్కడి భారతీయుల కోసం, వాళ్ల భూములను కట్టడి చేసే చట్టం మీద. నల్లవాళ్లతో సహా మొత్తం వర్ణవివక్షను 13 ఆసియా, అరబ్ దేశాలు కలిసి సమితి ముందు పెట్టింది 1952ల. నోట్స్ రెండిటిని ఒక్క మూటల కట్టింది. "ముందు మీ కులం సంగతి చూస్కోండి" అని దక్షిణాఫ్రికా ఎదురు అన్నది కూడ రాయలే. మా ఊరి హోటల్ల రెండు గ్లాసుల సంగతి మా తాత చెప్పేటోడు, నాకైతే ఆ మాట సూది లెక్క దిగింది. రాస్తే మార్కులు పోతయని భయపడ్డరో ఏమో.

తర్వాత వచ్చినయి ఇంకా అసలైనయి. దక్షిణాఫ్రికాకు చెల్లదని పాస్‌పోర్టు మీదనే ముద్ర ఉండేది. 1967ల వర్ణవివక్ష మీద కొట్లాడే అక్కడి పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు ఢిల్లీల ఆఫీసు పెట్టుకోనిచ్చినం. 1974ల టెన్నిస్‌ల డేవిస్ కప్ ఫైనల్‌కొచ్చి, అవతల దక్షిణాఫ్రికా ఉన్నదని ఆడకుండ కప్పు వదులుకున్నం. మన జట్టుల ఆడే అమృత్‌రాజ్ అన్నదమ్ములకు ఎట్లున్నదో ఆ రోజు! సమితిల వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రాన్ని నడిపిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డిది నెల్లూరు జిల్లా. తెలుగు నోట్స్‌ల తెలుగాయన పేరుకే జాగ లేదు.

ఇగ ముద్రారాక్షసాలు. మండేలాకు భారతరత్న 1993 అని ఉన్నది. వచ్చింది 1990ల. 1993ల దౌత్య సంబంధాలు మళ్ల మొదలైనయి. వర్ణవివక్ష మీద కొట్లాడేటోళ్లకు సాయం చేసే ఆఫ్రికా ఫండ్ 1986దైతే 1996 అని కొట్టిండ్రు.

షాపుకు పోయి చూపిస్తే, "రాసేటోళ్లు వేరే తమ్మీ, నేను కాపీలు తీసేటోన్ని" అన్నడు. పైసలు వాపసియ్యలే. నేను చేత్తో రాసుకున్న నాలుగు పేజీలు మాత్రం ఫ్రీగ జిరాక్స్ తీసిచ్చిండు. 5ల 2 మార్కులు ఆ మర్యాదకే.

నిన్న మా స్టడీ హాల్ దోస్తు చెప్పిండు, ఆ నాలుగు పేజీలు ఇప్పుడు ఆ షాపులనే 10 రూపాయలకు అమ్ముతుండట.