పాత సైకిల్ ఓవరాలింగ్: కొన్నది ఒక వంతు, పెట్టింది రెండు వంతులు

సెకండ్ హ్యాండ్‌లో స్టీలు ఫ్రేము సైకిలొకటి తీసుకుని రెండు నెలలైంది. కొన్నప్పుడు ఇచ్చింది ఒక వంతు అనుకుంటే, భయం లేకుండా రోడ్డెక్కే స్థితికి తెచ్చేసరికి ఇంకో రెండు వంతులు పోయాయి. నష్టపోయానని అనను గానీ, ఆ రెండు వంతుల్లో దాదాపు సగం నా తొందరకి కట్టిన జరిమానా.

హ్యాండిల్ మీద క్రోమ్ మెరుపు చూసి కొనేశాను. చూడాల్సింది అది కాదు. హ్యాండిల్ కిందుండే గొట్టానికి కాస్త వెనకగా, ఫ్రేము కింది గొట్టం అడుగున వేలితో తడిమి చూడాలి. అక్కడ ఉబ్బు గానీ, పెయింటు ముడతలు గానీ తగిలితే ఆ సైకిల్ ఎప్పుడో దేన్నో గుద్దిందని అర్థం, ఊరికే ఇచ్చినా వద్దు. నాది ఆ విషయంలో గట్టిదే, చింత చచ్చినా పులుపు చావలేదు. కానీ సీటు పైకీ కిందకీ కదులుతోందా అని చూసుకోలేదు. స్టీలు గొట్టంలో అల్యూమినియం సీటు పోస్టు (సీటుని మోసే కడ్డీ) గ్రీజు లేకుండా ఏళ్లు కూర్చుంటే తుప్పుతో అతుక్కుపోతుంది. తుప్పు వదిలించే నూనె పోయడం, ఆగడం, మళ్లీ పోయడం, ఇలా మూడు రోజులు. చివరికి పోస్టుని వైస్‌లో బిగించి ఫ్రేమునే పట్టుకుని తిప్పితే వచ్చింది. పోస్టు పాడైంది. కొత్తది కొందామంటే అవి 0.2 మిల్లీమీటర్ల తేడాతో బోలెడు సైజులు, కొలిచి కొనకపోతే మళ్లీ దండగే.

టైర్ల దగ్గర అదే అయింది. నా చక్రం 26 అంగుళాలు, తెచ్చిన టైరూ 26 అంగుళాలే, ఎంత లాగినా ఎక్కదు. పాత 26 × 1 3/8 టైరు కూర్చునే రిమ్ము 590 మిల్లీమీటర్లు, నేను తెచ్చిన 26 × 1.75 టైరు 559 రిమ్ముది. పేరు ఒకటే, తేడా 31 మిల్లీమీటర్లు! టైరు పక్కన చిన్నగా 37-590 అని రాసి ఉంటుంది, రెండో సంఖ్య (590) చూసి కొనండి. అంగుళాల లెక్క నమ్మొద్దు.

ఇక రిపేరు షాపు సంగతి. పేరు చెప్పను. క్రాంకులు (పెడళ్లు తగిలించే చేతులు) కాటర్ పిన్నులనే ఇనప మేకుల్లాంటి వాటితో ఇరుసుకి బిగించిన పాత రకం, అవి ఊడదీయడం నా వల్ల కాక ఇచ్చాను. క్రాంకు కింద ఏ ఊతమూ పెట్టకుండా సుత్తితో బాదాడు. ఆ దెబ్బలన్నీ లోపలి బేరింగ్ మీద పడి, బాల్స్ తిరిగే కప్పు గుంటలు పడింది, అదీ నా ఖర్చులోనే వేశాడు. పైగా 9.5 మిల్లీమీటర్ల పిన్ను ఉండాల్సిన చోట 9 వేశాడు, పెడల్ తొక్కితే ఒక పక్క జారినట్టుండేది. ఐదుకి ఒకటి ఇస్తాను, అది కూడా చక్రాల బెండ్ చక్కగా తీశాడు కాబట్టి.

మిగతాది ఇంట్లోనే చేశాను. చైను కొలవడానికి స్కేలు చాలు, 12 అంగుళాలు ఉండాల్సిన 24 పిన్నుల దూరం ఎనిమిదో వంతు అంగుళం పెరిగితే చైను అయిపోయినట్టే. నాది అంతకంటే ఎక్కువే సాగింది. అలాంటప్పుడు వెనక ఫ్రీవీల్ (చైను తిరిగే పళ్ల చక్రం) పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, చైను ఒక్కటే మారిస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది. రెండూ కలిపి లెక్కేసుకోండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, అది తెలియక, ఊడదీయబోయి బలం కొద్దీ ఇంకా బిగించేశాను.

డబ్బుకి తగ్గ ఫలితం ఎక్కడంటే హబ్బుల్లోనే, అంటే చక్రాల నడిమి ఇరుసు భాగాల్లో. వెనక చక్రానికి ఒక్కో పక్క తొమ్మిదేసి పావు అంగుళం బాల్స్, కొత్త గ్రీజు, అంతే ఖర్చు. చక్రం తిప్పి వదిలితే ఎంతసేపటికీ ఆగలేదు. (ఒక బాల్ దొర్లిపోయి, గంట వెతికితే నా చెప్పులోనే దొరికింది.) క్రోమ్ మీది తుప్పుకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ నీళ్లలో ముంచి రుద్దితే చాలు. పెయింటు వేయించలేదు, అడిగితే సైకిల్ కొన్నంత చెప్పారు. గీతలతోనే బాగుంది.

బ్రేకులకి మాత్రం లోటు చేయొద్దు. కొత్త రబ్బర్లు, కొత్త వైర్లు వేశాక కూడా స్టీలు రిమ్ము వానలో తడిస్తే సరిగ్గా ఆగదు, అది దాని స్వభావం, ముందే పట్టుకోవాలి. సైకిల్‌కి ఐదుకి నాలుగు.

క్రాంకుకి సరైన సైజు కాటర్ పిన్ను తెచ్చి నేనే వేశాను, అయినా నిన్న ఎత్తు ఎక్కుతుంటే చిన్నగా టక్కుమంది. కొత్త పిన్ను కొంత దూరం తొక్కాక సర్దుకుంటుంది, నట్టు మళ్లీ బిగించాలి. సాయంత్రం స్పానర్ తీయాలి.