చిన్న అరెస్టు తర్వాత యూఎస్‌సీఐఎస్ ఇంటర్వ్యూకి లాయర్: ఆ ఫీజుకి మనకి దక్కేదేంటి?

షాప్‌లిఫ్టింగ్ లాంటి కేసు ఒక్కటున్నా, అది కొట్టేశారని చెప్పినా, యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) చేసే సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి లాయర్‌ని తీసుకెళ్లడం దండగ ఖర్చు కాదు. కాకపోతే ఈ సర్వీసులో సగానికి పైగా విలువ ఇంటర్వ్యూకి ముందే తేలిపోతుంది.

మంచి లాయర్ మొదటి రోజే కోర్టు ముద్ర ఉన్న డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం), పోలీసు రిపోర్టు, ప్లీ కాగితాలు (నేరం ఒప్పుకున్నారో లేదో చెప్పేవి) అడుగుతారు. "డిస్మిస్ అయిందండీ" అన్న మాటతో సరిపెట్టుకునేవాళ్లని వదిలేయండి. నేరం ఒప్పుకున్నాక జడ్జి ప్రొబేషనో (జైలు బదులు కోర్టు నిఘా) జరిమానానో వేసి, తర్వాత కేసు కొట్టేసినా, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్‌గానే (నేరం రుజువైనట్టే) చూస్తుంది. క్రిమినల్ లాయర్ "రికార్డు క్లీన్" అన్నారు కదా అని ఎన్-400లో (సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఫారం) అరెస్టు ప్రశ్నకి "నో" పెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వేలిముద్రలతో తీసిన ఎఫ్‌బీఐ రికార్డు ఆఫీసర్ ముందే ఉంటుంది. ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం ఆ చిన్న దొంగతనం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఎన్నేళ్ల రికార్డు చూస్తారన్న లెక్క కూడా లాయరే చూడాలి. గుడ్ మోరల్ క్యారెక్టర్‌కి, అంటే సిటిజన్‌షిప్‌కి కావాల్సిన మంచి నడవడికకి, మామూలుగా 5 ఏళ్లు, సిటిజన్ భార్య లేదా భర్తగా అప్లై చేస్తే 3 ఏళ్లు చూస్తారు. అవసరమనుకుంటే ఇంకా వెనక్కీ వెళ్తారు. ప్రొబేషన్ నడుస్తుండగా అప్లికేషన్ ఆమోదించరు. ఇవి చూడకుండా ఫైల్ చేయించే ఆఫీసుకి ఎంత తక్కువ ఫీజైనా ఎక్కువే.

గదిలో లాయర్ పాత్ర పరిమితం. మీరూ లాయరూ సంతకం చేసిన జీ-28 (ఈయన నా లాయర్ అని తెలిపే ఫారం) ఫైల్లో ఉండాలి. మీ బదులు జవాబు చెప్పరు. ప్రశ్న తికమకగా ఉంటే స్పష్టత అడుగుతారు, కాగితాలు అందిస్తారు, ఆఫీసర్ ఇంకేం అడిగారో రాసుకుంటారు. భయంతో అడగనిది కూడా చెప్పేసే మనిషికి పక్కనొకరు ఉండటం నిజంగా పెద్ద ఆసరా.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, ఫైలు చూడని వేరే లాయర్‌ని ఆ పొద్దున పంపినప్పుడు. ఎవరు వస్తారో, అదనపు కాగితాలు అడిగితే జవాబు రాయడం, రెండో ఇంటర్వ్యూ అదే ఫీజులో ఉన్నాయో లేదో ఒప్పందంలో రాయించుకోండి. లైసెన్సు ఏ రాష్ట్రానిదైనా పర్లేదు, ఆ రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైట్లో మాత్రం చూసుకోండి.

డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) తర్వాత హెచ్-1బీ స్టాంపింగ్‌కి (పాస్‌పోర్టులో వర్క్ వీసా వేయించుకోవడం) ఈ సర్వీసు కొనకండి. కాన్సులేట్ కిటికీ దగ్గరికి లాయర్‌ని సాధారణంగా రానివ్వరు. ఆ డబ్బుతో కేసు కాగితాలు సర్దించుకుని, మెడికల్ పరీక్షకి పంపితే పట్టే సమయాన్ని కూడా లెక్కేసుకుని టికెట్ బుక్ చేసుకోండి.