శాంపిల్ ఫ్లాట్ చూసి అడ్వాన్స్ ఇచ్చేముందు అక్కడి మంచం కొలవండి

హైదరాబాద్‌లో ఫ్లాట్ కోసం తిరుగుతున్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. బిల్డర్ పేరు రాయట్లేదు. మా అక్కా బావగారూ శాంపిల్ ఫ్లాట్ చూసే బుక్ చేసుకున్నారు, బెడ్రూమ్‌లో మంచానికి రెండు పక్కలా నడిచే చోటుంది, కాళ్ళవైపు వార్డ్‌రోబ్ తలుపులు ఫుల్‌గా తెరుచుకుంటున్నాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. తీరా గృహప్రవేశం అయ్యాక వాళ్ళ మంచం వేస్తే, అదేం పెద్దది కాదు, ఎక్కడైనా దొరికే 5 అడుగుల వెడల్పు ఆరున్నర పొడవు క్వీన్ సైజే, వార్డ్‌రోబ్ తలుపు సగం తెరుచుకుని మంచానికి కొట్టుకుంటోంది. గది కొలతలు మాత్రం అగ్రిమెంట్‌లో రాసినట్టే ఉన్నాయి.

ఇంకో టవర్ అమ్ముతున్నారు కాబట్టి ఆ శాంపిల్ ఫ్లాట్ ఇంకా ఉంది, టేపు తీసుకుని వెళ్ళాను. అక్కడి మంచం వెడల్పు నాలుగున్నర అడుగులు, పొడవు ఆరడుగులు కూడా లేదు! సోఫా, డైనింగ్ టేబుల్ అన్నీ అలా కుదించి చేయించినవే. లోపలి గదులకి తలుపులే బిగించలేదు, హాల్లో ఒక గోడంతా అద్దం. అడిగితే మార్కెటింగ్ అబ్బాయి "అది డెకరేషన్ సార్, అగ్రిమెంట్‌లో రాదు" అన్నాడు.

ఇది ఎవరి కంటికీ దొరకదు, ఎందుకంటే కంటికి సైజు నేరుగా తెలీదు. దగ్గరున్న చిన్న వస్తువూ, రెట్టింపు దూరంలో ఉన్న రెట్టింపు వస్తువూ రెటీనా (కంటి లోపలి తెర) మీద ఒకే సైజులో పడతాయి, దూరం ఎంతో అంచనా వేసి అసలు సైజు లెక్కకట్టేది మెదడు. 1941లో హాల్వే, బోరింగ్ అనే సైకాలజిస్టులు 10 నుంచి 120 అడుగుల దూరాల్లో వెలుగు బిళ్ళలు పెట్టి చూపించారు, మామూలుగా చూసినప్పుడు జనం సైజు దాదాపు కరెక్ట్‌గా చెప్పారు, అదే చుట్టుపక్కల గోడలు కనపడకుండా గుడ్డ కట్టి ఒక్క కంటితో చిన్న కంతలోంచి చూపిస్తే పెద్ద బిళ్ళకీ చిన్న బిళ్ళకీ తేడా దాదాపు పట్టుకోలేకపోయారు. అంటే చుట్టూ ఉన్న ఆధారాల్ని బట్టే మెదడు లెక్క. కొత్త గదిలో మనకున్న పెద్ద ఆధారం తెలిసిన సామానే, మంచం అంటే ఇంత ఉంటుందని చిన్నప్పట్నుంచీ అలవాటు, ఆ మంచాన్ని కుదించేస్తే గది పెరిగినట్టు కనిపిస్తుంది. నాకు మండేది అక్కడే, జీవితాంతం ఈఎంఐ కట్టేవాళ్ళని ఇంత తెలివిగా ఏమార్చడం.

ఆన్‌లైన్ ఫోటోలూ ఇంతే, వైడ్ లెన్స్‌తో తీస్తే ఎదుటి గోడ చాలా వెనక్కి వెళ్ళినట్టుంటుంది, వాటిని బట్టి గది సైజు అసలు నమ్మకండి.

మీ మంచం, బీరువా కొలతలు, తలుపు తెరిస్తే ఎంత ముందుకొస్తుందో అదీ రాసుకెళ్ళి అదే ప్లాన్‌లో సామాను లేని ఫ్లాట్ చూపించమనండి, నేల మీద సుద్దముక్కతో గీసి చూడండి. కార్పెట్ ఏరియా (ఇంటి లోపల నిజంగా వాడుకునే నేల) ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం సేల్ అగ్రిమెంట్ రాయకుండా 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోకూడదు, మోడల్ ఫ్లాట్‌లో తప్పుడు సమాచారం ఇచ్చి నష్టపెడితే పరిహారం అడగొచ్చని సెక్షన్ 12లో ఉంది. కాబట్టి శాంపిల్ ఫ్లాట్‌కి వెళ్ళినప్పుడు టేపు పెట్టి మంచాన్ని ఫోటో తీసుకోండి, తియ్యనివ్వకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.