పుష్‌అప్ బార్లు: నాలుగు నెలల వాడకంలో తేలిన సంగతులు

నేలపై అరచేతులు ఆనించి పుష్‌అప్‌లు చేసిన ప్రతిసారీ పదో పన్నెండో పూర్తయ్యేసరికి కుడి మణికట్టు పైభాగంలో నొప్పి మొదలవడం, ఛాతీ కండరాలు ఇంకా అలసిపోకముందే ఆ నొప్పితో ఆపేయాల్సి రావడం నాకు చాలాకాలంగా ఉన్న ఇబ్బంది. అందుకోసం ఒక జత పుష్‌అప్ బార్లు కొని, నాలుగు నెలలుగా వారానికి మూడు రోజులు వాడుతున్నాను. స్టీలు గొట్టాన్ని వంచి, పట్టుకునే చోట స్పాంజి తొడుగు వేసి, అడుగున రబ్బరు బిళ్లలు అమర్చిన మామూలు రకం ఇవి. మణికట్టు మటుకు కుదుటపడింది. కానీ పెట్టెలో వీటితోపాటు వచ్చిన సూచనల కాగితాన్ని నమ్మి మొదటి రెండు వారాలు భుజాన్ని ఇబ్బంది పెట్టుకున్నాను కనుక, వస్తువు గురించి ఎంత చెప్పాలో వాడే పద్ధతి గురించి అంతకంటే ఎక్కువే చెప్పాల్సి ఉంది.

అరచేయి నేలకు ఆనినప్పుడు మణికట్టు దాదాపు 90 డిగ్రీలు వెనక్కి వంగుతుంది. ఆ వంపులోనే అది బరువు మోయాలి. బార్‌ను పిడికిట్లో పట్టుకుంటే ముంజేయి, మణికట్టు, పిడికిలి ఒకే గీతలో నిలుస్తాయి కాబట్టి ఆ ఒత్తిడి చాలావరకు తప్పుతుంది. ఇందులోనూ ఒక మెలకువ ఉంది. గొట్టం వేళ్ల మొదళ్ల దగ్గర కాకుండా అరచేతిలో మణికట్టుకు దగ్గరగా ఉండే దళసరి భాగం మీద, అంటే ముంజేతి ఎముకలకు సరిగ్గా పైన ఉండాలి. నేను మొదట్లో వేళ్ల వైపు పట్టుకోవడంతో మణికట్టు మళ్లీ వెనక్కి వంగి, కొన్న ప్రయోజనమే లేకుండా పోయింది.

ఇక ఆ కాగితం సంగతి. చేతులు భుజాల కంటే బాగా వెడల్పుగా పెట్టి, మోచేతులు మొండానికి లంబకోణంలో పక్కలకు చాచిన మనిషి బొమ్మ ఒక్కటే అందులో ఉంది, పొడుగు చేతులవారికీ పొట్టి చేతులవారికీ అదే కొలత అన్నట్టు. ఆ భంగిమలో కిందికి దిగినప్పుడు చాలామందికి భుజం కీలు ముందుభాగం ఒత్తుకుంటుంది. మోచేతులు మొండెంతో సుమారు 45 డిగ్రీల కోణంలో ఉంటే ఎక్కువమందికి హాయిగా ఉంటుంది, కానీ దాన్ని కూడా ఎవరికి వారు సరిచూసుకోవలసిందే. నాకు పనికొచ్చిన పరీక్ష చాలా తేలిక: ఫోన్‌ను ఒకసారి పక్కన, ఒకసారి తల ముందు నిలబెట్టి వీడియో తీసుకుని, పూర్తిగా కిందికి దిగిన స్థితిలో ముంజేతులు రెండు వైపుల నుంచీ నిట్టనిలువుగా ఉన్నాయో లేదో చూడడం. లోపలికి వాలితే బార్లు మరీ దూరంగా, బయటికి వాలితే మరీ దగ్గరగా ఉన్నట్టు. ఈ లెక్కన నాకు భుజాల వెడల్పు కంటే ఇరువైపులా నాలుగేసి వేళ్లు ఎక్కువ కావలసి వచ్చింది. నా కంటే చేతులు పొట్టిగా ఉన్న మా తమ్ముడికి అందులో సగం కూడా అక్కరలేదు. రెండు బార్లూ విడివిడిగా ఉండడం వల్ల దూరాన్నే కాక, వాటి కోణాన్ని కూడా భుజానికి నచ్చినట్టు కొద్దికొద్దిగా తిప్పుకోవచ్చు. పిడులు దిగే గుంతల చోటు ముందే నిర్ణయించి ఉండే పుష్‌అప్ బోర్డుల కంటే వీటిని మెచ్చుకోవడానికి నాకున్న ప్రధాన కారణం ఇదే.

బార్లతో వచ్చే అసలు చిక్కు లోతు. నేల మీద చేస్తే ఛాతీ నేలను తాకగానే ఆగిపోతాము. బార్లు చేతులను పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తుకు లేపుతాయి కనుక ఆ హద్దు చెరిగిపోయి, ఛాతీ చేతుల మట్టం కంటే కిందికి జారుతుంది. కండరం ఎక్కువ సాగుతుందని దీన్ని గొప్పగా చెబుతారు గానీ, భుజంలో ఆ వదులు లేనివారికి ఇది నొప్పినే మిగులుస్తుంది. నేను ఛాతీ కింద ఒక గట్టి దిండు పెట్టుకుని, అది తగలగానే పైకి లేచేవాణ్ణి. రెండు నెలల తర్వాత పలుచటి దిండుకు మారాను, ఇప్పటికీ దాన్ని తీసేయలేదు.

నేల మీద వరసగా ఐదారు పుష్‌అప్‌లు కూడా సరైన తీరులో రానివారు వీటిని ఇప్పుడే కొనకపోవడం మంచిది. మామూలు పుష్‌అప్ పైస్థితిలో శరీర బరువులో సుమారు 65 శాతం చేతులపై పడుతుంది, మోకాళ్లు ఆనిస్తే అది శరీర బరువులో దాదాపు సగానికి తగ్గుతుంది, 60 సెంటీమీటర్ల ఎత్తున్న కదలని బల్లపై చేతులు పెడితే 40 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. నా ఉద్దేశంలో కొత్తవారికి మోకాళ్ల పద్ధతి కంటే బల్ల పద్ధతే మేలు, ఎందుకంటే తల నుంచి మడమల దాకా ఒంటిని ఒకే కర్రలా బిగబట్టడం అందులో మొదటి రోజు నుంచే అలవాటవుతుంది, బలం పెరిగేకొద్దీ బల్ల ఎత్తు తగ్గించుకుంటూ నేలకు చేరవచ్చు. బార్లనే ఆ బల్లపై పెట్టి చేద్దామని మాత్రం ఎవరూ అనుకోకూడదు, అవి జారితే ముఖమే ముందు తగులుతుంది.

తయారీ విషయానికి వస్తే గొట్టం గట్టిది, అతుకుల దగ్గర కదలిక లేదు. అడుగుభాగం వెడల్పు సరిపోవడం వల్ల చేతులు వణికే చివరి పుష్‌అప్‌లలో కూడా బార్ ఒరగలేదు. స్పాంజి తొడుగు మాత్రం నాసిరకం. చెమటకు తడిసి మూడో నెలకే గొట్టం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. దాన్ని కోసి తీసేసి, సైకిల్ హ్యాండిల్‌కు చుట్టే టేపు చుట్టాను. రబ్బరు బిళ్లలు నున్నటి పలకల నేలపై దుమ్ము ఉంటే జారుతున్నాయి, తుడిచి పెడితే ఇబ్బంది లేదు. అడుగున తిరిగే చక్రం ఉన్న రకాన్ని ఒక స్నేహితుని దగ్గర ప్రయత్నించాను. భుజాన్ని అది తన దారిన తిరగనిస్తుంది, కానీ నిలకడ తక్కువ కావడంతో నాలుగు పుష్‌అప్‌లు తగ్గాయి.

మణికట్టు నొప్పి లేనివారికి ఈ జత అవసరం ఉందని నేను అనను. అడుగు పలకలుగా ఉన్న డంబెల్స్ ఇంట్లో ఉన్నవారు ముందు వాటిని పట్టుకుని ఒక వారం చేసి చూడవచ్చు, గుండ్రటివి మాత్రం దొర్లిపోతాయి. నా వరకు పన్నెండు దగ్గర ఆగిన లెక్క ఇప్పుడు ఇరవై రెండుకు చేరింది, ఆగడానికి కారణం కూడా మణికట్టు నుంచి ఛాతీకి మారింది.