హాంబర్గ్‌లో కాదు, లూబెక్‌లో దిగండి: ఉత్తర జర్మనీలో ఇంటివాళ్లతో తిరుగుడు

ఉత్తర జర్మనీ అనగానే మనవాళ్లు ముందు హాంబర్గ్ మ్యాప్ తెరుస్తారు. హోటల్లో ఉండేవాళ్లకు అది సరే. చుట్టాలో, స్నేహితులో, విద్యార్థుల మార్పిడి కార్యక్రమంలో కుదిరిన హోస్ట్ ఫ్యామిలీయో ఉంటే, అందులోనూ ఊరు ఎంచుకునే వీలుంటే, లూబెక్ మేలు. అది కుదరకపోతే లూనెబుర్గ్. అసలు కారణం భోజనం వేళ. ఈ ఇళ్లలో ఆబెండ్‌బ్రోట్, అంటే రొట్టె, వెన్న, చీజ్, ఊరగాయ దోసకాయలతో తినే చల్లటి రాత్రి భోజనం, ఆరున్నర ఏడు మధ్య బల్ల మీదికి వస్తుంది. ఏడున్నరకు చేరితే తిట్టరు గానీ, అందరూ ప్లేట్లు ముందు పెట్టుకుని మీకోసం కూర్చుని ఉంటారు. లూబెక్ నుంచి హాంబర్గ్ రీజినల్ రైల్లో ముప్పావు గంట, సముద్రం ఇరవై నిమిషాలు, లూనెబుర్గ్ గంటా పది నిమిషాలు. ఎక్కడికి వెళ్లినా ఆరింటికల్లా ఇంట్లో ఉండొచ్చు.

ఇలా ఆతిథ్యమిచ్చే ఇంటివాళ్ల దగ్గర దిగేవాళ్లకు వీసా కాగితాల్లో ఒక తేడా ఉంటుంది. ఖర్చంతా వాళ్లే పెట్టుకుంటామంటే ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అనే హామీపత్రం కావాలి. దాన్ని వాళ్ల ఊరి విదేశీయుల కార్యాలయంలో వాళ్లే స్వయంగా వెళ్లి, ఆదాయం చూపించి తీసుకోవాలి. రుసుము 29 యూరోలు. చాలా ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది, పైగా అసలు కాగితం పోస్టులో ఇండియా చేరాలి. మీ ఖర్చు మీరే పెట్టుకుంటే ఈ గొడవ లేదు: మామూలు ఆహ్వాన లేఖ, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు చాలు. మీ దగ్గర డబ్బుంటే రెండో దారే సులువు, వాళ్ల జీతం కాగితాలు అడిగే ఇబ్బందీ తప్పుతుంది. ఏ దారైనా 30,000 యూరోల వైద్య బీమా తప్పదు. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు.

ఇక రైలు టికెట్. డోయిచ్‌లాండ్‌టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. దేశమంతా రీజినల్ రైళ్లు, సిటీ బస్సులు, మెట్రో, ట్రాములు దీని మీద ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఎక్కకూడదు. ఇందులో మనవాళ్లు పడే గుంటలు రెండు. మొదటిది, ఇది క్యాలెండర్ నెల లెక్క. మే 20న దిగి జూన్ 10న వెళ్లేవాళ్లకు రెండు నెలల డబ్బు పడుతుంది. రెండోది, ఇది చందా. దానంతటదే ఆగదు. నెల పదో తేదీలోపు రద్దు చేస్తేనే ఆ నెలాఖరుకు ముగుస్తుంది, పదకొండున గుర్తొస్తే ఇంకో నెల కట్టాల్సిందే. టికెట్ పేరు మీద ఉంటుంది కాబట్టి ఇంటివాళ్లది అడిగి వాడుకోవడం కుదరదు, తనిఖీలో దొరికితే జరిమానా 60 యూరోలు.

కొద్ది రోజులే తిరిగేవాళ్లకు, ముఖ్యంగా ఇంటివాళ్లు కూడా వెంట వచ్చే రోజుల్లో, ఒక రోజుకు చెల్లే రాష్ట్ర టికెట్లు చవక పడొచ్చు. ఒక్క టికెట్ మీద అయిదుగురి దాకా వెళ్లొచ్చు, తలకు కొంత అదనం కలుస్తుంది. లూబెక్ ఉన్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర టికెట్ హాంబర్గ్‌కూ, మెక్లెన్‌బుర్గ్ వైపు వీస్మార్, ష్వెరీన్‌లకూ చెల్లుతుంది. హాంబర్గ్ నుంచి బ్రేమెన్‌కు నీడర్‌జాక్సెన్ రాష్ట్ర టికెట్ కావాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇవి ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతాయి. 8:50 రైలెక్కి 'పది నిమిషాలే కదా' అంటే టికెట్ చూసేవాళ్లు ఒప్పుకోరు. టికెట్ మీద పేర్లు రాయడం మరిచిపోతే అదీ చెల్లదు.

రైల్లో ఇంకో చిక్కు: హాంబర్గ్ నుంచి ఉత్తరానికి వెళ్లే ఆర్‌ఈ 7 అనే రీజినల్ బండి నోయ్‌మ్యూన్‌స్టర్‌లో రెండు ముక్కలవుతుంది. ఒక సగం కీల్‌కు, ఇంకో సగం ఫ్లెన్స్‌బుర్గ్‌కు పోతుంది. పెట్టె బయట, లోపల తెర మీద ఏ ఊరు రాసుందో చూసుకునే కూర్చోవాలి. హాంబర్గ్ సెంట్రల్లో ప్లాట్‌ఫారాలు పొడుగు, ఒకే ప్లాట్‌ఫారం మీద రెండు బండ్లు ముందూ వెనకా నిలుస్తాయి. బోర్డు మీద అంకె పక్కన ఉన్న ఎ, బి, సి, డి అక్షరాలు అందుకే. అంకె ఒక్కటే చూసి పరిగెత్తేవాళ్లు తప్పు బండి ఎక్కుతుంటారు.

లూబెక్‌కు రెండు పూర్తి రోజులు ఇవ్వండి. పాత ఊరు నీళ్ల మధ్య దీవిలా ఉంటుంది, నడిచి తిరగడానికి సరిపోయేంత. 1987లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో హోల్‌స్టెన్‌టోర్ కోటద్వారం. 1464 నుంచి 1478 దాకా కట్టారు, కింద బురద నేల కావడంతో బురుజులు కుంగి వంగాయి. ఫొటో వంకరగా వచ్చిందని ఫోన్ తిప్పుకోకండి, వంకర ద్వారానిదే. దాని పక్కన నది ఒడ్డున వరసగా ఉన్న ఇటుక ఇళ్లు ఉప్పు గిడ్డంగులు. ఈ ఊరి డబ్బంతా ఆ ఉప్పుతో ముడిపడిందే: లూనెబుర్గ్‌లో తీసిన ఉప్పు ఇక్కడికి చేరేది, ఇక్కణ్నుంచి ఓడల్లో స్వీడన్ వైపు వెళ్లి అక్కడి హెర్రింగ్ చేపలను నిలవ చేసేది. క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం ఉండదు, చేప ఉంటుంది. ఉప్పు చేపకు అంత గిరాకీ అందుకే.

మరీయెన్‌కిర్షె చర్చిలో చూడాల్సింది ఎత్తు మాత్రమే కాదు. దక్షిణ బురుజు కింద, కమ్మీల వెనక, పగిలిన రెండు గంటలు నేలలో దిగబడి ఉంటాయి. 1942లో మట్టల ఆదివారం ముందు రాత్రి బాంబుదాడికి ఊరు తగలబడినప్పుడు పైనుంచి పడ్డవి. పడ్డచోటే ఉంచేశారు. లోహం ముక్కలు ముక్కలై, అంచులు మట్టిపెంకుల్లా విరిగి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే పక్కనే సెయింట్ పేట్రి చర్చికి తీసుకెళ్లండి. 50 మీటర్ల ఎత్తుకు లిఫ్ట్ ఉంది, బురుజు మెట్లెక్కి అలసిపోకుండా ఊరంతా కనిపిస్తుంది. వీధుల పక్కన వంగి దూరాల్సిన చిన్న దారులు గెంగె అంటారు, లోపల చిన్నచిన్న ఇళ్లు, పూలకుండీలు. చూడదగ్గవే, కానీ మనుషులుండే వాకిళ్లు అవి. కిటికీల్లోకి ఫొటోలు తీయకండి.

మార్జిపాన్ కోసం నీడెరెగ్గర్ దుకాణానికి అందరూ వెళ్తారు. 1806 నాటి సంస్థ, మునిసిపల్ భవనానికి ఎదురుగా. మార్జిపాన్ అంటే బాదం, పంచదారతో చేసే, నెయ్యి లేని మెత్తటి బాదం బర్ఫీ అనుకోండి. కొన్ని రకాల్లో మద్యం కలుస్తుంది, పట్టింపు ఉన్నవాళ్లు అట్ట మీద 'ఆల్కొహోల్' అన్న మాట వెతుక్కోవాలి. పై అంతస్తు కేఫ్‌లో మూడు గంటలకు జాగా దొరకదు, అది ఊరంతా కేకు తినే వేళ.

లూనెబుర్గ్‌కు పూట చాలు, రోజు పెడితే ఇంకా మంచిది. లూబెక్ నుంచి ఆర్‌ఈ 83 బండి మ్యోల్న్, లవెన్‌బుర్గ్ మీదుగా, దాదాపు ఆ పాత ఉప్పు దారి వెంటే వెళ్తుంది. ఉప్పు కార్ఖానా 1980లో మూతపడింది. కింద నుంచి వందల ఏళ్లు ఉప్పు లాగడంతో నేల కుంగి, పడమర వైపు పాత వీధుల్లో గోడలు పొట్ట ఉబ్బినట్టు, తలుపులు ఓరగా ఉంటాయి. ఆమ్ జాండె చౌరస్తాలో అందరూ ఆగిపోతారు గానీ, సెయింట్ మిహాయెలిస్ చర్చి వెనక వీధులే అసలు చూడాల్సినవి. మ్యూజియాలకు ఒకటే ఎంచుకుంటే ఉప్పు మ్యూజియం.

హాంబర్గ్‌ను రెండు విడి రోజులుగా చూడండి, ఒకే రోజు కుక్కకండి. డబ్బు పెట్టి ఎక్కే హార్బర్ బోటు కంటే 62వ నంబరు ఫెర్రీ నయం. లాండుంగ్స్‌బ్రూకెన్ నుంచి ఫింకెన్‌వెర్డర్ దాకా, మామూలు సిటీ టికెట్ మీదే, ఎల్బె నది మీద. లౌడ్‌స్పీకర్ జోకులు ఉండవు, అదీ లాభమే. అక్కడే 1911 నాటి ఎల్బె సొరంగం, నడిచేవాళ్లకు ఉచితం. బొమ్మ రైళ్ల ప్రదర్శన మినియాటూర్ వుండర్‌లాండ్‌కు మాత్రం టైం స్లాటుతో ముందే బుక్ చేయాలి. సెలవుల్లో నేరుగా వెళ్తే గంటల తరబడి నిలబడతారు. చేపల సంత ఆదివారం తెల్లవారుజామునే, వేసవిలో అయిదింటికి మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. లూబెక్ నుంచి దీనికోసం మూడింటికి లేచి ఇంటివాళ్లను లేపేంత గొప్పేమీ కాదు.

బ్రేమెన్‌కు హాంబర్గ్ నుంచి రీజినల్ బండిలో గంటా పావు, లూబెక్ నుంచి అయితే వెళ్లిరావడానికే నాలుగున్నర గంటలు. 1404 నాటి రోలాండ్ అనే వీరుడి విగ్రహం, మునిసిపల్ భవనం, ష్నోర్ సందులు అన్నీ నడకదూరంలో ఉంటాయి. జానపద కథలోని గాడిద, కుక్క, పిల్లి, కోడిపుంజు కంచు విగ్రహం 1953లో గెర్హార్డ్ మార్క్స్ చేసింది. అనుకున్నదానికంటే చిన్నది. గాడిద ముందు కాళ్లు రెండూ రెండు చేతులతో పట్టుకుంటేనే కోరిక తీరుతుందట, ఒక చేత్తో పట్టుకుంటే గాడిద గాడిదతో కరచాలనం చేసినట్టని స్థానికుల వేళాకోళం. మీ ప్రయాణంలో ఏదైనా వదలాల్సి వస్తే నా ఓటు బ్రేమెన్ వదలడానికే. ఊరు బాగాలేక కాదు, దూరం వల్ల.

సముద్రాలు రెండు, వాటి స్వభావాలు వేరు. లూబెక్ దగ్గరి ట్రావెమ్యూండె బాల్టిక్ ఒడ్డు: ఆటుపోట్లు దాదాపు లేవు, పిల్లలతో ఎప్పుడైనా వెళ్లొచ్చు. గాలికి అడ్డంగా పేము అల్లిక కుర్చీలు, ష్ట్రాండ్‌కోర్బ్, రోజుకింతని అద్దెకిస్తారు. ఎండరోజున పదకొండు దాటితే మంచి వరసలో దొరకవు. అవతలి ఒడ్డున 1911లో కట్టిన పస్సాట్ తెరచాప ఓడ లంగరేసి ఉంటుంది. ఇలాంటి తీరపు ఊళ్లలో కుర్‌టాక్సె అనే రోజు పన్ను ఉంటుంది.

నార్త్ సీ వైపు, కుక్స్‌హాఫెన్, హూజుమ్ దగ్గర, నీళ్లు మైళ్ల దూరం వెనక్కిపోయి బురద నేల బయటపడుతుంది. ఆ నేల మీద నడవడమే వాట్‌వాండర్న్. కుక్స్‌హాఫెన్ నుంచి నోయ్‌వెర్క్ దీవికి పది కిలోమీటర్ల పైచిలుకు, మూడు గంటల నడక. గైడ్ లేకుండా దిగొద్దు. నీళ్లు ఎదురుగా వస్తాయని చూస్తుంటారు, అవి ముందు ప్రీల్ అనే కాలవల్లోంచి మీ వెనకకు చేరి ఒడ్డుకు దారి మూసేస్తాయి. ఆటుపోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది, కాబట్టి నిన్న ఎవరో పదింటికి వెళ్లారని ఈ రోజు పదింటికి వెళ్లడం కుదరదు. ముందు ఆటుపోట్ల పట్టిక, తర్వాతే రైలు టికెట్. చెప్పుల్ని బురద లాగేస్తుంది, పాత మేజోళ్లో, కాలికి బిగుతుగా లేసులు కట్టిన పాత బూట్లో వేసుకోండి.

ఇంట్లో సంగతులు. మీరు శాకాహారులని చెబితే ఇంటివాళ్లు చేపల రొట్టె పెట్టవచ్చు, వాళ్ల లెక్కలో చేప వేరు. మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు అని మూడూ విడివిడిగా చెప్పాలి. వేయించిన బంగాళదుంపల్లో ష్పెక్ అనే పందిమాంసం ముక్కలు, చలికాలపు గ్ర్యూన్‌కోల్ ఆకుకూరలో సాసేజ్ దాగి ఉంటాయి. నిర్భయంగా తినగలిగింది రోటె గ్ర్యూట్సె, పులుపు పళ్లను పిండిగంజితో చిక్కబరిచింది. పప్పన్నం వండి పెడతామని ఉత్సాహపడితే పొయ్యి చూసుకోండి. ఇండక్షన్ మీద అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, గాజు పొయ్యి మీద గుండ్రటి అడుగు కడాయి నిలవదు. పోపులో ఎండుమిర్చి వేసేముందు పొగ లాగే ఫ్యాన్ పెట్టి, కిటికీ పూర్తిగా తెరిచి, వంటింటి తలుపు మూయండి. పడకగదుల్లో, వరండాలో పొగ అలారాలు ఉంటాయి. పాలకోవా, నెయ్యి కానుకగా తెద్దామనుకోకండి: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం సామానులో తేవడం నిషేధం. కొండపల్లి బొమ్మ బాగుంటుంది.

రాత్రి పది దాటితే, ఆదివారమంతా కూడా, చప్పుడు చేయరు. డ్రిల్లు, వాక్యూమ్ క్లీనర్ ఆ రోజు బయటికి రావు. ఆదివారం చాలా దుకాణాలు మూత, పెద్ద స్టేషన్లలోవి తప్ప. శనివారమే పాలూ పళ్లూ కొనాలి. పలకరింపు 'మొయిన్', పొద్దునా రాత్రీ ఒకటే. రెండుసార్లు 'మొయిన్ మొయిన్' అంటే వాగుడుకాయ అంటారని ఇక్కడివాళ్ల సరదా.

ప్రయాణం నార్త్ సీ తీరపు ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ దాకా సాగితే టీ మర్యాద తెలియాలి. కప్పులో ముందు క్లుంట్యె అనే పటికబెల్లం లాంటి పంచదార గడ్డ, దాని మీద మరిగే టీ పోయగానే చిటపటమంటుంది. తర్వాత చెంచాతో క్రీమును అంచు వెంట జారవిడుస్తారు, అది అడుగుకు దిగి మబ్బులా పైకి లేస్తుంది. కలపకూడదు. మొదట క్రీము, మధ్యలో చేదు, చివర తీపి రావాలి. మనకు చెయ్యి ఊరుకోదు, కలిపేస్తాం. మూడు కప్పులు మర్యాద. చాలనుకుంటే చెంచా కప్పులో పెట్టాలి, సాసర్ మీద వదిలినంత సేపూ పోస్తూనే ఉంటారు.

వెళ్లేరోజు ముందు పరుపు దుప్పట్లు తీసి మడతపెట్టండి, అడగరు గానీ చూస్తారు. తాగిన ఖాళీ సీసాలు చెత్తలో వేయకుండా సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు, మామూలు గాజు బీరు సీసాకు 8 సెంట్లు తిరిగొస్తాయి. నలిపితే మెషీన్ లేబుల్ చదవలేదు, డబ్బు రాదు.