అమెరికా సైనికుల దేహదారుఢ్య పరీక్ష: పాతదా, కొత్తదా?

1980 నుంచి నాలుగు దశాబ్దాల పాటు అమెరికా సైన్యం తన సైనికులను పుషప్స్, సిటప్స్, రెండు మైళ్ల పరుగు అనే మూడు అంశాలతోనే కొలిచింది. 2020లో వచ్చిన ఆరు అంశాల పరీక్ష బరువెత్తడం, ఈడ్చడం, విసరడం వంటి యుద్ధరంగపు పనులను చేర్చింది.

ఖర్చు: పాతదానికి స్టాప్‌వాచ్, కొలిచిన దారి చాలు. కొత్తదానికి హెక్స్ బార్ (మధ్యలో నిలబడి ఎత్తే ఆరు మూలల బరువు కడ్డీ), స్లెడ్ (బరువు పెట్టి ఈడ్చే చట్రం), కెటిల్‌బెల్స్ (పిడి ఉన్న ఇనుప గుండ్లు) కావాలి.

ముప్పు: పాతదానిలో సిటప్స్ నడుముపై భారం వేస్తాయి. కొత్తదానిలో పద్ధతి నేర్వకుండా బరువెత్తితే అదే నడుముకు గాయమవుతుంది.

న్యాయం: చిక్కంతా ఇక్కడే ఉంది. పాత పరీక్ష వయసును, లింగాన్ని బట్టి మార్కులు వేసేది. అందరికీ ఒకే ప్రమాణమంటూ మొదలైన కొత్తదానిలో, కడ్డీకి వేలాడుతూ మోకాళ్లను మోచేతులకు తాకించే అంశం చాలామంది మహిళలకు అడ్డుగోడ కావడంతో 2022లో దానిని తీసివేసి, దాని స్థానంలో మరో అంశం పెట్టి, మార్కులను మళ్లీ విభజించారు. 2025లో పరీక్షను ఐదు అంశాలకు కుదించి, పోరాట విభాగాలలో స్త్రీ పురుషులకు ఒకే ప్రమాణం పెట్టారు. ఉద్యోగాన్ని బట్టి ప్రమాణం ఉండడమే సరైనదని నా అభిప్రాయం.

గాయపడిన సహచరుడిని ఈడ్చుకురావలసిన పదాతి సైనికుడికి కొత్త పరీక్షే తగినది. పరికరాలు లేని చిన్న దళం తన సాధనను తరచూ కొలుచుకోవడానికి మాత్రం పాత పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది.