కేంద్రకం కొలవడానికే కొన్న మైక్రోస్కోప్: ఆరు నెలలు వాడాక

బెంగళూరు మారతహళ్ళిలో ఇంట్లోనే పీయూసీ (ఇంటర్) పిల్లలకు బయాలజీ చెప్తాను. ఈ మైక్రోస్కోప్ ఎస్పీ రోడ్డు పక్క సందులో కొన్నాను, బేరమాడితే 7,200కి ఇచ్చారు. 4, 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లు (స్లైడు వైపుండే లెన్సులు), ఎల్ఈడీ లైటు ఉన్నాయి. నాకు కావాల్సింది మాత్రం ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే లెన్సులో) ఉండే చిన్న స్కేలు.

ఒకమ్మాయి అడిగింది: "మేడం, కణం పెద్దదైతే దాని కేంద్రకం (న్యూక్లియస్) కూడా పెరుగుతుందా? లేక లోపల డీఎన్ఏ ఎంతుంటే అంతే ఉంటుందా?" పుస్తకంలో బొమ్మ చూపించి ఊరుకోబుద్ధి కాలేదు.

టూత్‌పిక్‌తో బుగ్గ లోపల మెల్లగా గీకి, స్లైడు మీద రాసి, మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఒక చుక్క వేశాం. 40లో చూస్తే నలిగిన కాగితంలా లేత నీలం కణం, మధ్యలో సిరాచుక్కలా కేంద్రకం. కణం 24 గీతలు, కేంద్రకం 3. గీతకి 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే కణం 60, కేంద్రకం ఏడున్నర. పిల్లలు వంతులేసుకుని కొలిచారు. ఆ స్పష్టతకి పూర్తి మార్కులు.

కానీ అవి ముదిరి రాలిపోయే కణాలు, కేంద్రకం అప్పటికే ముడుచుకుపోయి ఉంటుంది. అసలు జవాబు ఈస్ట్‌లో ఉంది. వంటింటి ఈస్ట్ పెట్టి చూశాం, గుండ్రటి కణాలు కనబడ్డాయి గానీ లోపలి కేంద్రకం తేలలేదు. ఈ మైక్రోస్కోప్ హద్దు అది.

అందుకని నోటితోనే చెప్పాను. 2007లో న్యూమన్, పాల్ నర్స్ అనే శాస్త్రవేత్తలు ఒక రకం ఈస్ట్‌లో డీఎన్ఏని 16 రెట్లు మార్చి చూశారు. కణంతో పోలిస్తే కేంద్రకం వాటా మారలేదు, దాదాపు 8 శాతమే. ఒకే కణంలో చాలా కేంద్రకాలు ఉంటే, చుట్టూ కణద్రవ్యం ఎక్కువున్నది పెద్దదైంది. నన్ను కట్టిపడేసింది ఇదే. కేంద్రకం పొరలోని రంధ్రాల గుండా ప్రోటీన్లు లోపలికి వస్తుంటాయి, ఆ రాకతో పెరుగుతుంది. 2010లో లెవీ, హీల్డ్ అనే పరిశోధకులు రెండు జాతుల కప్పల గుడ్ల రసంలో చూస్తే, ఈ దిగుమతి జోరుగా సాగే జాతిలోనే కేంద్రకాలు పెద్దవి.

మా అక్క పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష) రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. అక్కడ డాక్టర్లు వెతికేవాటిలో ఇదొకటి: కణానికి మించి పెరిగిన కేంద్రకం. రిపోర్టు బాగానే వచ్చింది. అప్పట్నుంచి ఈ పాఠం తొందరగా ముగించలేకపోతున్నాను.

ఇక లోపాలు. ఫోకస్ దానంతటదే కిందికి జారేది, రెండు కవర్ స్లిప్పులు పగిలాయి. తీసుకెళ్తే డబ్బులడక్కుండా బిగించిచ్చారు. ఐపీస్ గీత ఎన్ని మైక్రాన్లో తేల్చుకునే స్కేలు స్లైడు పెట్టెలో లేదు, విడిగా 900 పెట్టాను. అది లేకపోతే పైన చెప్పిన అంకెలేవీ రావు. కొనేటప్పుడే దాన్ని కూడా కలిపి బేరమాడండి.